ఏనుగుల చీర మగ్గమెక్కిన నెల

మార్చి 5, 2024, మంగళవారం

ఇది బీమా ఏజెంటు ఎప్పుడో ఇచ్చిన 2019 డైరీ. తేదీలు కొట్టేసి పైన నేనే వేసుకుంటున్నాను. ఇకమీదట ఏం రాసినా ఇందులోనే, నాకోసమే. నలుగురూ చదివే బుక్కులో రాసింది చాలు. దీన్ని బియ్యం డబ్బా వెనక పెడతాను. పాతికేళ్ళ కాపురంలో బియ్యం డబ్బా ఎక్కడుంటుందో మా ఆయన దశరథానికి ఇంతవరకూ తెలియదు, కాబట్టి భయం లేదు.

మానస నన్ను నిలువునా ముంచింది. ముందు ఆ మాట రాసిపెట్టుకోవాలి.

పరాయిదా? సొంత చిన్నమ్మ బిడ్డ. నేను చంకనేసుకుని తిప్పిన పిల్ల. ఇప్పుడు హైదరాబాద్‌లో, పల్లెల్లో లైబ్రరీలకు సాయం చేసే ఏదో సంస్థలో ఉద్యోగం. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు ఇద్దరం కలిసే ఈ లైబ్రరీ పెట్టాం. చేనేత సొసైటీ వాళ్ళ కాళ్ళా వేళ్ళా పడి పాత నూలు గది అడుక్కుని, సున్నం వేయించి, అలమరాలు తెచ్చి పెట్టాం. పుస్తకాలు పంపడం దాని పని. తాళం తీసి, ఊడ్చి, కూర్చోవడం నా పని. తొమ్మిదేళ్ళుగా కూర్చుంటున్నాను.

బుధవారం, శనివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆడవాళ్ళ పూట. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు, చదివినామె అక్కడే కూర్చుని ఒక నోటుబుక్కులో నాలుగు ముక్కలు రాయాలి. పేరు రాయకూడదు. బుక్కు గది దాటకూడదు. ఈ నియమాలు పెట్టింది నేనే. మొదట్లో "కథ మంచిగుంది, ఏడుపొచ్చింది" అని రాసేవాళ్ళు. పోనుపోను కథ పక్కకు జరిగి వాళ్ళ సంగతులే రాయసాగారు. ఏ దస్తూరీ ఎవరిదో అందరికీ తెలుసు. తెలిసినా పైకి అనరు. చదివినామె కింద చిన్న టిక్కు పెడుతుంది, అంతే. ఆ టిక్కుల కోసమే కొందరు వచ్చేవాళ్ళని నా అనుమానం.

మొన్న ఆదివారం పేపరుతో పాటు వచ్చే పుస్తకంలో ఈ ఏడాది రాతలన్నీ పడ్డాయి. మహిళా దినోత్సవం ప్రత్యేకమట. నాలుగు పేజీలు. పైన మానస ఫోటో, మానస పేరు. "పేర్లు మార్చడమైనది" అని అడుగున చీమ తలకాయంత అక్షరాలు. మార్చేదేముంది, అసలు బుక్కులో పేర్లుంటేగా! రాధ, కాంతమ్మ అని తనే కొత్తగా తగిలించింది. నేతపని మాత్రం ఉన్నదున్నట్టు దించేసింది.

సింధూజ రాసిందీ పడింది. "ఏనుగుల చీర మగ్గమెక్కిన నెలల నేను మళ్ళ సదువు మొదలువెట్టిన" అని మొదలవుతుంది. మా ఊళ్ళో ఏనుగుల చీర పడింది ఒకే ఒక్క మగ్గం మీద, పోయిన కార్తీకంలో, ఆమె మొగుడు మల్లేష్ మగ్గం మీద. ఎవరో ప్రత్యేకంగా చెప్పి నేయించుకున్నారు. ఊరు ఊరంతా పోయి చూసొచ్చింది. ఇంక రాధ అని పేరు పెడితేనేం, రంభ అని పెడితేనేం?

ఇరవై రెండేళ్ళ పిల్ల. ఇంటర్ మధ్యలో మాన్పించి పెళ్ళి చేశారు. అత్త యాదమ్మకు "సుభద్రక్క ఇంట్లో ఆసు పోయబోతున్న" అని చెప్పి లైబ్రరీకొచ్చి ఓపెన్ ఇంటర్‌కు చదువుకుంటోంది. ఆసు చట్రం మీద నూలు పోగు పోయడమంటే గంటలు పడుతుంది గనక ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. అదొక్కటే అయితే ఎట్లాగో సర్దుకునేది. పరీక్ష పాసయ్యేదాకా పిల్లలు వద్దని గోళీలు మింగుతున్న సంగతి కూడా రాసింది. అవతల యాదమ్మేమో కోడలి కడుపు పండాలని రెండేళ్ళుగా అమావాస్య అమావాస్యకు చెరువుగట్టు శివుడి గుట్ట ఎక్కి మొక్కుతోంది. "మా అత్త మెట్లెక్కుతుంటే నాకు నవ్వొస్తది, ఎన్కనే ఏడుపొస్తది" అని కూడా ఉంది. అన్నీ అచ్చయ్యాయి.

పైగా ఆ పేపర్లు ఐదు కాపీలు నార్కట్‌పల్లి నుంచి తెప్పించి వాకిళ్ళ వెంట పంచింది ఎవరనుకున్నావు? నేనే. మా లైబ్రరీ పేపర్లో పడిందని సంబరం.

నాది పడలేదు. ఎందుకు పడలేదో మానసకే తెలియాలి.

మార్చి 6, బుధవారం

రెండింటికి తాళం తీశాను. నిర్మలమ్మ పెద్దమ్మ ఒక్కతే వచ్చింది. రెడ్ల ఇంటి మనిషి, అరవై దాటాయి. ఇక్కడే, ఈ గదిలోనే నా దగ్గర అక్షరాలు దిద్దుకుంది. గడప లోపలికి రాలేదు. పుస్తకం చాచింది.

"గీ బుక్కు తీస్కో."

"అయిపోయిందా పెద్దమ్మా?"

"సగమైంది. సాలు."

నేను ఏదో అనబోయాను. ఆమె వినలేదు.

"ముసలితనంల అచ్చరాలు నేర్పిచ్చినవని నీ మీద మస్తు పాయిరముండె సుభద్రా. నేర్వకున్నా మంచిగుండు. పేపర్ల నాది నేనే సదువుకునే గతి తప్పేది."

ఆమె పేజీలో చిన్నకొడుకు చెయ్యి చేసుకున్న సంగతి ఉంది. దానికి కాంతమ్మ అని పేరు పెట్టారు. పత్తి చేను, ఎండిన బోరు, ఇద్దరు కొడుకులు అని రాశాక ఇంకా కాంతమ్మేమిటి, నా తలకాయ!

నాలుగింటికి తాళం వేశాను.

మార్చి 7

మూడుసార్లు చేస్తే మానస ఎత్తింది.

"అక్కా, సూసినవా? మస్తు రెస్పాన్స్ ఉంది. మా మేడం గూడ ఫోన్ చేసింది."

"సిగ్గున్నదానే నీకు?"

"ఏమైందక్కా?"

"రిపోర్టుకని తీస్కపోయి పేపర్లేస్తవా? గది నీ పేరు మీద ఏసుకుంటవా? ఆడోళ్ళు నమ్మి రాసుకున్నరే!"

"పేర్లు మార్చిన గదక్కా."

"ఏనుగులు మార్చినవా?"

"ఏ ఏనుగులు?"

దానికి నిజంగానే అర్థం కాలేదు. పద్మశాలి ఇంట్లో పుట్టింది, ఏడో తరగతిలో ఊరు విడిచింది. ఏ మగ్గం మీద ఏం పడిందో ఊరికి తెలుస్తుందన్న సంగతే మరిచిపోయింది. మరిచిపోయిందో, అక్కర్లేదనుకుందో.

"గిదంత లైబ్రరీ కోసమే అక్కా. కొత్త అలమరాలు, రొండు కంప్యూటర్లు వస్తయి. అయినా నేను అచ్చుకు ముందు నీకు..."

పెట్టేశాను. దాని గొంతు వింటే ఒళ్ళు మండిపోయింది.

మార్చి 8

శివరాత్రి. ఏటా కందగడ్డలు ఉడకబెట్టి ఇరుగుపొరుగు ఇచ్చిపుచ్చుకుంటాం. ఈసారి మా ఇంటి నుంచి గిన్నెలు పోయాయి. వట్టి గిన్నెలు తిరిగొచ్చాయి.

మార్చి 10, ఆదివారం

ఉండబట్టలేక మల్లేష్ వాళ్ళింటికి పోయాను. యాదమ్మ వదినె గడపలో కూర్చుని ఉంది. సింధూజ లోపల ఆసు ముందు ఉంది, తలెత్తలేదు. చెయ్యి మాత్రం అటూ ఇటూ ఆడుతూనే ఉంది.

"ఏం మొకం పెట్టుకోని వచ్చినవే?" అంది యాదమ్మ.

"వదినె, జర నా మాట ఇను."

"నీ మాటే ఇన్నం గదా ఇన్నొద్దులు! ఆసు పోస్తాందంటే పంపితిమి. సదువుకుంటాందని ఒక్క మాట నాకు జెప్తే నేనొద్దంటునా? నేను సదువుకోకుంటే నా కోడలు సదువొద్దంటనా? రొండేండ్లు మోకాళ్ళు పట్టుకోని గుట్టెక్కిన. మీరిద్దరు గాడ కూసోని నవ్వుకున్నరు."

"నేను నవ్వలే వదినె. దేవుని మీద ఒట్టు."

"పేపర్ల ఉన్నది గద నవ్వొస్తదని! కిరాణం కొట్టుకాడ పోరగాండ్లు నన్ను ఏనుగులమ్మ అంటున్నరు. నా ఇజ్జత్ వోయింది."

మల్లేష్ మగ్గం ఆపి బయటికొచ్చాడు. నెమ్మదస్తుడు, ఎప్పుడూ గొంతు పెంచడు. ఇవాళ కూడా పెంచలేదు.

"అక్కా, ఇంకోసారి మా వాకిట్లకు రాకు. రేపు దాన్ని ఆత్మకూర్‌ల తల్లిగారింట్ల దింపొస్తున్న."

ఆత్మకూర్ అంటే అటు కృష్ణ దగ్గర, ఎంతో దూరం. ఏప్రిల్ 25 నుంచి పరీక్షలు, సెంటర్ నల్లగొండలో. ఆమె చదివే పుస్తకాలన్నీ లైబ్రరీ అలమరాలో, కింది అరలో, నా దగ్గరే ఉన్నాయి. పరీక్ష పోతే ఆ పిల్ల మళ్ళీ చదువు ఊసెత్తుతుందా? ఎత్తనిస్తారా?

"మానస చేసిందిదంత. నాకేం తెల్వదు" అన్నాను.

సింధూజ అప్పుడు తలెత్తి చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. ఆ పిల్ల నమ్మింది నా మాట.

మార్చి 13, బుధవారం

తాళం తీయబోతే కిటికీ మీద, గడప మీద, మెట్ల మీద పుస్తకాలు. సంచుల్లో కొన్ని, చీర ముక్కల్లో మూటగట్టి కొన్ని. ఎవరు ఎప్పుడు పెట్టిపోయారో తెలియదు. మూడేళ్ళ కింద పోయిందనుకున్న వంటల పుస్తకం కూడా వచ్చింది, పసుపు మరకలతో సహా.

రిజిస్టరు ముందేసుకుని ఒక్కొక్క పేరూ కొట్టేశాను. తొమ్మిదేళ్ళలో మొదటిసారి అన్ని పుస్తకాలూ అలమరాల్లో ఉన్నాయి. ఒక్కటి తక్కువ లేదు. అరలు కిక్కిరిసిపోయాయి. కూర్చుని ఏడ్చాను, చూసేవాళ్ళు ఎవరూ లేరు కనుక గట్టిగానే ఏడ్చాను.

అంతా మానస వల్ల. అంతా దాని వల్లనే.

మార్చి 16, శనివారం

ఎవరూ రాలేదు.

మార్చి 20, బుధవారం

ఎవరూ రాలేదు. దుమ్ము దులిపాను. దులపడానికి దుమ్ము కూడా లేదు.

మార్చి 23, శనివారం

మానస కారేసుకుని వచ్చింది. డిక్కీ నిండా రంగు రంగుల కొత్త పుస్తకాలు. మీద ఒక అద్దాల ఫ్రేము. ఏమిటా అని చూస్తే, పేపర్లో పడ్డ మొదటి పేజీ! గోడకు వేలాడదీయాలట. ఎంత గుండె ధైర్యం! నవ్వాలో, నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. మా నోటుబుక్కు కూడా తెచ్చి బల్ల మీద పెట్టింది, ఏదో పెద్ద ఉపకారం చేసినట్టు.

దశరథం పెట్టెలు దించుతున్నాడు. నేను దింపొద్దన్నాను. ఆయన నా వైపు, దాని వైపు చూసి పెట్టె కింద పెట్టాడు.

"నమ్మిచ్చి గొంతు గోసినవ్ మానసా. నీకు నేనేం తక్కువ జేసిన?" అన్నాను.

"అక్కా, నా తప్పే. పేపర్లేస్తానని జెప్పకుండ తీస్కపోయిన. నా పేరు వెట్టుకోవుడు గూడ తప్పే. గానీ అచ్చు గాకముందు మొత్తం నీకు పంపిన. ఫోన్ల ఇంకా ఉంది. సూడు. నువ్వు బాగుందన్నవ్."

ఫోన్ నా మొహం ముందు పెట్టింది. నేను చూడలేదు.

"కండ్లద్దాలు లేకుంటే ఏం సూసిననో ఏమో. ఒక్క పేజీ సూసి బాగుందన్న."

మానస గొంతు తగ్గించింది.

"గట్ల మాట్లాడకక్కా. నువ్వు ఇంకో మాట గూడ జెప్పినవ్. గది నేను ఎవ్వరికి జెప్పలే. జెప్ప గూడ."

కారెక్కి పోయింది. పెట్టెలు ఇక్కడే ఉన్నాయి. దశరథం ఏం మాట అని అడగలేదు. ఆయన అడగడు, అదే నాకు బాధ.

మార్చి 25

హోలీ. ఏమీ రాయాలని లేదు.

మార్చి 27, బుధవారం

నిర్మలమ్మ వచ్చింది. చేతిలో మడతలు పెట్టిన ఆ పేపరు. ఈసారి లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మా బుక్కు మాకియ్యి."

ఇచ్చాను. నోటుబుక్కు ఒక పక్కన, పేపరు ఒక పక్కన పెట్టుకుంది. అక్షరం మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, ఇటు ఒక లైను, అటు ఒక లైను చదవడం మొదలుపెట్టింది. గట్టిగా ఏడేళ్ళ చదువు, ఒక పేజీకి పావుగంట పడుతుంది. ఏం చేస్తోందో నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి బయటికి పోదామనుకున్నాను, పోలేకపోయాను. ఆ వేలు కదలడం చూస్తూ రెండు గంటలు కూర్చున్నాను. అట్లా వేలు పెట్టి చదవమని నేర్పింది నేనే.

చివరికి కళ్ళద్దాలు తీసింది.

"పదకొండు మందిమి రాసినం. పది అచ్చయినయ్. నీదొక్కటి గాలే. గదేంది సుభద్రా?"

"నాకేం ఎరుక పెద్దమ్మా? మానసనడుగు."

"అడిగిన. అనుమానమొచ్చి నిన్ననే మా మనుమరాలితోని ఫోన్ జేయించిన. నిన్నే అడుగుమన్నది."

ఆమె నోటుబుక్కు తన సంచిలో పెట్టుకుంది. నియమం ప్రకారం గది దాటకూడదు. ఆ మాట అనడానికి నాకు నోరెక్కడిది?

మార్చి 28

రాయి సుభద్రా, రాయి. ఇది ఎవరూ చదవరు. ఇక్కడ కూడా అబద్ధమేనా?

ఫిబ్రవరిలో మానస ఒక పెళ్ళికొచ్చి, పైవాళ్ళకు రిపోర్టు పంపాలని బుక్కు అడిగింది. గది దాటకూడదని తెలిసీ ఇచ్చాను. పదిరోజుల తర్వాత టైపు చేసిన పేజీలు ఫోన్‌కు పంపి, "అక్కా, పేపర్ల వచ్చే చాన్సుంది. ఓకేనా?" అని రాసింది. నేను కళ్ళద్దాలు పెట్టుకున్నాను. లైబ్రరీ బల్ల ముందు కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివాను. రెండుసార్లు చదివాను.

ఏనుగుల దగ్గర ఆగాను. మానసకు తెలియదు, నాకు తెలుసు. నేను చిటికి కట్టే దాన్ని. ఆ చీర కోసం పోగు మీద ముడులు వేసిన నలుగురిలో నేనొకదాన్ని. ఇది అచ్చయితే సింధూజ పని అయిపోతుందని ఆ క్షణంలోనే తెలుసు. బాగా తెలుసు.

మానసకు ఫోన్ చేశాను. చేసి, "నాది తీసెయ్" అన్నాను.

అంతే అన్నాను. "ఏనుగులు తీసెయ్" అని ఇంకొక్క మాట అంటే నా సొమ్మేం పోయేది? నోటి దాకా వచ్చింది. అదీ ఇదీ తీసెయ్యమంటే మొత్తమే వేయరేమో అనుకున్నాను. "ఈ లైబ్రరీని తొమ్మిదేళ్ళుగా ఒంటిచేత్తో నడుపుతున్న సుభద్ర" అని మొదటి పేరాలో ఉంది. ఆ లైనును నాలుగుసార్లు చదువుకున్నాను. ఎవరు గుర్తుపడతారులే అనుకున్నాను. ఊళ్ళో ఆడవాళ్ళు పేపరెక్కడ చదువుతారులే అనుకున్నాను. అనుకుని, నా పేరుందన్న సంబరంలో నేనే వాకిళ్ళ వెంట పంచాను. చదవడం నేర్పిందెవరే, దొంగముఖమా?

నా పేజీలో ఏముందో కూడా రాస్తాను. అత్త మంచాన పడ్డ మూడేళ్ళు ఒక్క చేతి మీద సేవ చేశానని సొసైటీ మీటింగులో నాకు శాలువా కప్పారు. కోడలంటే సుభద్ర అని ఇప్పటికీ అంటారు. పొద్దున లేవగానే ముందు అత్త గుండె మీద చూసేదాన్ని, ఆడుతోందా లేదా అని. ఆడుతుంటే నిరాశ పడేదాన్ని. ఒక్కరోజు కాదు, మూడేళ్ళు. అది రాశాను. దాని కింద పది టిక్కులున్నాయి. ఆ పది మందిలో ఒక్కరు కూడా బయట నోరు జారలేదు. దశరథం చెవిన ఈనాటికీ పడలేదు.

మానస నన్ను మోసం చేసింది, అది నిజమే. కానీ నా పరువు నేను కాపాడుకుని సింధూజను వదిలేశాను. ఆ పిల్ల నేను "నాకేం తెల్వదు" అన్నా నమ్మింది.

ఏప్రిల్ 3, బుధవారం

యాదమ్మ వాకిట్లోకి పోయాను. రావొద్దన్నా పోయాను. నిర్మలమ్మను బుక్కు తెమ్మన్నాను. వాడకట్టు ఆడవాళ్ళు ఒక్కొక్కరే చేరారు.

"వదినె, మానస అచ్చుకు ముందే నాకు సూపిచ్చింది. ఏనుగులున్నయని నాకు తెల్సు. నాది తీపిచ్చుకున్న, మీ కోడలిది తియ్యమనలే" అన్నాను. తర్వాత నా పేజీ తెరిచి అందరికీ వినపడేటట్టు చదివాను. అత్త గుండె దగ్గరికొచ్చాక ఆపేద్దామనిపించింది. అయినా చివరి దాకా చదివాను. తలెత్తితే జనం వెనక దశరథం నిలబడి ఉన్నాడు, చేతిలో నూలు చిలపలతో. ఎప్పుడొచ్చాడో.

యాదమ్మ అంది.

"మీ అత్త నీ గురించి నాతోని ఎన్నడు ఒక్క చెడ్డ మాట అనలే."

నేను బుక్కు మూసి నిర్మలమ్మకు ఇచ్చాను.

"గిప్పుడు నీది నువ్వు సదివినవ్. నీ నోటితోని, నీకు బుద్ధి పుట్టినప్పుడు సదివినవ్. మా పొల్లకు గట్ల సదువుకునే ఛాన్స్ ఇచ్చినవా?"

"ఇయ్యలే."

"ఇగ పో."

మల్లేష్ మగ్గం చప్పుడు మొదలైంది. దశరథం నాకంటే ముందే ఇంటికి పోయాడు.

ఏప్రిల్ 7

నాలుగు రోజుల తర్వాత దశరథం నోరు విప్పాడు. "కూరల ఉప్పు తక్కువైంది" అన్నాడు. ఉప్పు డబ్బా జరిపాను. వేసుకుని తిన్నాడు.

ఏప్రిల్ 12, శుక్రవారం

నిర్మలమ్మ ఇంకో ముగ్గురిని వెంటేసుకుని మా ఇంటికొచ్చింది. మంచినీళ్ళు ఇస్తే తాగారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"లైబ్రరీ తాళంచెవి ఇయ్యి."

"దేనికి?"

"మేం నడుపుకుంటం. సొసైటీల మాట్లాడినం."

అప్పటిదాకా పడ్డ ఏడుపంతా కోపమై తన్నుకొచ్చింది.

"తొమ్మిదేండ్లు! తొమ్మిదేండ్లు ఒక్కదాన్ని ఊడ్చిన, తుడ్చిన! మీకు ఇంట్ల రొండు గంటలు తీరిక దొరకనప్పుడు మీ కోసం ఎదురుజూసుకుంట కూసున్న. ఒక్క తప్పుకు తాళంచెవి గుంజుకుంటరా?"

"ఊడ్చినవ్. కాదన్నమా?" అంది నిర్మలమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. "నువ్వు గాడ కూసుంటే మాకు రాబుద్ధైతలేదు సుభద్రా. లైబ్రరీ గావాలె, నువ్వొద్దు. ఏం జేద్దాం చెప్పు?"

మేకుకున్న తాళంచెవి తీసి చేతిలో పెట్టాను.

"మానస తెచ్చిన బుక్కులున్నయి. తిప్పి పంపుతరా?"

"బుక్కులేం పాపం జేసినయ్? ఉంచుకుంటం. గా అద్దాల పటం తిప్పి పంపుతం."

వాకిట్లోకి పోయి ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"సింధూజ పరీచ్చ బుక్కులు ఏ అరల ఉన్నయి? యాదమ్మ అడుగుతాంది. రేపు బస్సుకు పోయి ఇచ్చొస్తదట."

"కింది అరల" అన్నాను. "ఎడమ దిక్కు. ఇంగ్లీషు గైడు సపరేటుగ ఉంటది, గది మర్వొద్దని చెప్పు."

"చెప్త."

ఏప్రిల్ 25

పరీక్షలు ఇవాళ మొదలు. రాస్తోందో లేదో నాకెవరూ చెప్పలేదు. ఇంటికి తెచ్చుకున్నారేమోనన్న ఆశతో రోడ్డు మీద నల్లగొండ బస్సు పోయేదాకా వాకిట్లో నిలబడ్డాను. కిటికీల్లో ఎవరూ తెలిసినవాళ్ళు కనపడలేదు.

మానస రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. దాని మీద కోపం పోలేదు, పోవాలని కూడా లేదు. కానీ ఇప్పుడు తిట్టడం మొదలుపెడితే సగంలో ఆగిపోతున్నాను.

మే 4

దశరథం ఇవాళ తనంతట తనే వాళ్ళమ్మ మాట ఎత్తాడు, నా మొహం చూడకుండా, కండెకు నూలు చుట్టుకుంటూ.

"అవ్వ గూడ అనేది. దేవుడు నన్ను తొందరగ తీస్కపోరాదాయె అని. నువ్వొక్కదానివే ఎదురుసూడలే."

"గిన్ని దినాలు ఎందుకు జెప్పలేదు?"

"నువ్వు నాకు జెప్పినవా?"

ఆ పూట అన్నం కలిసి తిన్నాం.

మే 15, బుధవారం

మొన్న ఓటు వేసే లైన్లో ఎవరో అనుకుంటుంటే విన్నాను. మల్లేష్ పోయి సింధూజను తోలుకొచ్చాడట. బుధవారాలు లైబ్రరీ తీస్తున్నారట.

పోవాలా వద్దా అని పొద్దుటి నుంచీ కొట్టుమిట్టాడాను. మూడింటికి పోయాను. లైబ్రరీకి పోవడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదని తొమ్మిదేళ్ళు నేనే చెప్పాను కదా.

తలుపు దగ్గరికి రాకముందే మాటలు, నవ్వులు వినిపించాయి. తొమ్మిది మందో, పది మందో ఉన్నారు. చాపలు పరుచుకుని కూర్చున్నారు. యాదమ్మ వదినె కూడా ఉంది, ఒళ్ళో నూలు పెట్టుకుని చిక్కు తీస్తోంది. నిర్మలమ్మ ఏదో చదివి వినిపిస్తోంది, వేలు పెట్టుకునే. నేను కనపడగానే అందరూ ఒక్కసారి ఆగిపోయారు. యాదమ్మ చేతిలో నూలు కూడా ఆగింది.

బల్ల దగ్గర సింధూజ కూర్చుని ఉంది. కాస్త చిక్కింది. రిజిస్టరు కొత్తది తీసింది.

"రా అక్కా. ఏం బుక్కు గావాలె?"

తిట్టలేదు. మొహం తిప్పుకోలేదు. వచ్చినవాళ్ళనందరినీ అడిగినట్టే అడిగింది.

"ఏదైనా ఇయ్యి" అన్నాను. ఆగలేక అడిగేశాను. "పరీక్ష రాసినవా?"

"రాసిన."

ఇంకేమైనా చెబుతుందేమోనని నిలబడ్డాను. ఎట్లా రాసిందో, ఏది కష్టమైందో, రాత్రుళ్ళు అత్త దీపం పెట్టి కూర్చుందో లేదో. ఇదివరకైతే అడగక ముందే గడగడా చెప్పేది. ఇప్పుడు అలమరాలో నుంచి ఒక పుస్తకం తీసి, రిజిస్టర్లో నా పేరు రాసి, ఎదురుగా తేదీ వేసి, పుస్తకం నా వైపు జరిపింది.

"పదిహేను దినాలు అక్కా."

బల్ల మీద రాసే నోటుబుక్కు లేదు. ఏదని అడగలేదు. ఇప్పుడు ఎవరూ రాయడం లేదని, నోటితోనే చెప్పుకుంటున్నారని ఆ గది చూస్తేనే తెలుస్తోంది. నేను బయటికి పోయేదాకా ఆ చెప్పుకోవడం ఆగి ఉంటుందని కూడా తెలుస్తోంది.

పుస్తకం తీసుకుని వచ్చాను. గడప అవతల చెప్పులు వేసుకుంటుంటే లోపల నిర్మలమ్మ గొంతు మళ్ళీ మొదలైంది. ఎవరో ఏదో అడిగారు. సింధూజ ఏదో చెప్పింది, అందరూ నవ్వారు. మెట్ల మీద నిలబడితే ప్రతి మాటా వినపడుతుంది. నిలబడకుండా ఇంటికొచ్చేశాను.